ఐదు ముడుల చిలప

అవ్వ పోయిన సంగతి నాకు దినవారాలు కూడా అయిపోయాక తెలిసింది. చెప్పడానికి వచ్చింది ఆమె కోడలు. మా ఆఫీసు వరండాలో బెంచీ చివర, ఒళ్ళో ఒక గుడ్డమూట పెట్టుకుని కూర్చుంది. నేను బయటికి రాగానే లేచి నిలబడి, "మా మూగోడివి నువ్వే గద సారూ?" అని అడిగింది.

లోపల గుమాస్తాలు తలలెత్తి చూశారు. నోరు మూతపడదని ఆఫీసులో నాకు పేరు. అలాంటివాణ్ణి మూగోడని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండేది.

"నేనేనమ్మా."

"మా అత్త పోయింది సారూ. ఇరవై దినాలైంది. గీ మూట నీకియ్యాల్నని మరీ మరీ చెప్పింది."

మూట అందుకున్నాను. చాలా తేలిగ్గా ఉంది. కోడలు ఇంకా కొన్ని మాటలు చెప్పింది. అవి చివర చెప్తాను. ఇప్పుడే చెబితే అవ్వ కనపడదు, నా ఏడుపే మిగులుతుంది.

ఆమె పేరు నాకు తెలియదు. అడగాలని తోచనూ లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కర్మన్‌ఘాట్ వైపు పోయే బాటలో, ద్రాక్షతోట దాటాక, పోచంపల్లి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ నేతవాళ్ళ ఇళ్ళు నాలుగైదు ఉండేవి. ఆ మగ్గాలన్నిటికీ నూలుకు రంగు వేసేది ఆమే. రంగులవ్వ అనేవారు. పొట్టి మనిషి. మోచేతుల దాకా ఎరుపు, ఎన్నేళ్ళదో, ఇక పోయేది కాదు. ఎవరు ఎదురైనా ముందు వాళ్ళ బట్ట అంచు పట్టుకుని బొటనవేలితో నలిపేది. ఆ మనిషి ఎవరు, ఏం పని మీద వచ్చాడు అన్నవన్నీ ఆ తర్వాతే. నా చొక్కాను మొదటిసారి నలిపి "మిల్లుది" అని మూతి తిప్పింది. నన్నే ఏదో అన్నట్టు చిన్నబోయాను.

అది పందొమ్మిదివందల అరవైతొమ్మిది వేసవి. నాకు హెల్త్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వచ్చి ఏడు నెలలు. గుంటూరు జిల్లా నుంచి వచ్చి సైదాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. అవ్వ వాళ్ళ ఇళ్ళకు ఎగువన, గుట్ట వాలులో, తోళ్ల కార్ఖానా పెడతామని ఎవరో దరఖాస్తు పెట్టుకున్నారు. పచ్చితోళ్ళను సున్నంలో, ఉప్పులో, తంగేడు చెక్క నీళ్ళలో నానబెట్టి పదును చేసే కార్ఖానా. అది వస్తే చుట్టుపక్కల నీళ్ళకు, గాలికి, మనుషులకు ఏం నష్టమో విచారించి రిపోర్టు రాయడం నా పని. ఆ రిపోర్టును బట్టే పర్మిషను. ఇంత పెద్ద పని నాకు అప్పగించారని పొంగిపోయి ఇంటికి ఉత్తరం కూడా రాశాను.

సంచిలో ఐదు సీసాలు వేసుకుని, గుట్ట మొదట్లోంచి మొదలుపెట్టి వాలు వెంట ఐదు బావుల నీళ్ళు పట్టుకుంటూ దిగాను. ఐదోది అవ్వ ఇంటి ముందరి బావి.

"ఏంది బిడ్డా, సీసల నీళ్లు వట్టుకపోతున్నవ్?"

"పరీక్షకండి మామ్మగారూ. లేబొరేటరీకి పంపాలి."

మామ్మగారు అన్న మాటకి పక్కింట్లో మగ్గం ఆగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ నవ్వలేదు. "నీళ్లకు పరీక్షనా? తప్పితె ఏం జేస్తరు, మల్లొక్కపారి కూసోవెడ్తరా?" అంది.

తర్వాత నా సీసాలు ఒక్కొక్కటే తీసుకుని, గుక్కెడు నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కకి ఉమ్మి, ఏ బావిదో చెప్పడం మొదలుపెట్టింది. బావులకు ఆమె పెట్టుకున్న పేర్లు విని నాకు నవ్వాగలేదు. గుట్ట కిందిది పెద్దకోడలు. "గట్టిది. గా నీళ్లల్ల పప్పు ఉడకది." ద్రాక్షతోటలోది సోకులది. మూడోది చర్చి బాయి. పల్లెల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు ఆ నీళ్ళే తాగేవి. నాలుగోది ఉప్పగా ఉంటుంది కాబట్టి గయ్యాళి. ఆఖరిది, తన ఇంటి ముందరిది, చిన్నకోడలు. ఆ పేరు చెప్పేటప్పుడు గొంతులో గారాబం వినపడేది. ఆమె అసలు కోడలు తలుపు దగ్గర నిలబడి, "బాయిని మెచ్చుకున్నట్టు నన్నెన్నడన్న మెచ్చుకున్నదా?" అని నాతో మొత్తుకునేది.

ఆ రోజు మూడో సీసా దగ్గర అవ్వ ముఖం చిట్లించింది. "గిది యాడిదో తెల్వదు."

"చర్చి దగ్గరిదండి" అన్నాను. ఆమె తప్పిందని నాకు లోలోపల సంబరమే.

"కాదు."

"నా చేత్తో నేనే పట్టానండీ."

మర్నాడు నేను వెళ్ళేసరికి, ఆమె అంత దూరం నడిచి చర్చి బావి నీళ్ళు చెంబుతో తెచ్చి పెట్టుకుని నా కోసం కూర్చుని ఉంది. "జర తాగి సూడు. ఇగ ఇప్పుడు నీ సీస వాసన జూడు." చూశాను. అది మా ఆఫీసులో ఫినాయిలు పోసిన సీసా. కడిగారు కానీ సరిగా కడగలేదు. "నీ సీస కంపు గొడ్తున్నది బిడ్డా. బాయిని బద్నాం జేస్తవా?" అంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఐదు సీసాలూ వేడినీళ్ళతో కడిగి, ఐదు బావుల నీళ్ళూ మళ్ళీ మొదటి నుంచి పట్టాను. పాఠం నేర్చుకోవాలంటే ఎక్కడ కూర్చోవాలో ఆ రోజు తెలిసింది.

ఆమె పరీక్షకు సీసాలు అక్కర్లేదు. నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ నానబెట్టి, ఎండబెట్టి సిద్ధం చేసిన నూలు ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండేది. అందులోంచి ఐదు చిన్న చిలపలు, అంటే నూలు చుట్టలు, తీసింది. ఒకదానికి సైకిల్ ట్యూబు పేలికతో బిగించి ఒక ముడి వేసింది. రెండోదానికి రెండు. అలా ఐదోదానికి ఐదు. చదువు రాని మనిషికి అవే అంకెలు. ముడి వేసినచోట రంగు ఎక్కదు. ఉడికించి విప్పితే అక్కడ తెల్లమచ్చ ఉంటుంది. కాగితం చీటీలు కడతానని నేనంటే ఒప్పుకోలేదు. "చీటి తడిస్తె పాయె. ముడి విప్పినా దాని జాగ యాడికి పోదు."

ఒకే రాగి గిన్నెలో, ఒక్కో బావి నీళ్ళతో ఒక్కో చిలప ఉడికింది. అదే పొయ్యి, అదే రంగు, అంతే సేపు. ఒకటి దించి ఇంకొకటి పెట్టే ముందు గిన్నెను చింతపండుతో తోమాలి. తోమింది నేను. చిలపలు పిండి ఆరేసిందీ నేనే. సాయంత్రానికి నా చేతులు మణికట్ల దాకా ఎర్రబడ్డాయి. అవ్వ వాటిని తిప్పి చూసి, "ఇగ నువ్వు మనిషివైనవ్" అంది.

నీడలో ఆరాక చూస్తే ఐదూ ఎరుపే, ఏ రెండూ ఒకటి కావు. పెద్దకోడలిది ఇటుకపొడి. గయ్యాళిది వెలిసిపోయినట్టుంది. చిన్నకోడలిది మాత్రం చూస్తూ నిలబడిపోయే ఎరుపు. పెళ్ళిబట్టలకు ఆ ఎరుపే కావాలని మగ్గాల వాళ్ళు ఆమెను పట్టుకుని వేలాడేవారు. ఇంకే నీళ్ళతో వేసినా అది రాదు.

అప్పుడు అవ్వ అటక మీది కుండలోంచి ఒక పాత చిలప తీసింది. చచ్చిపోయిన గోధుమరంగు. "మచ్చలు లెక్కవెట్టు" అంది. ఐదు.

"గిది గూడ నా చిన్నకోడలే. ద్రాక్షతోటాయన ఒక యాడాది మైలుతుత్తం కలిపిన నీళ్లు మిగిలితె ఆయన బాయిలనే పారవోసిండు. రెండు వానలు వడ్డయో లేదో నా బాయికొచ్చింది. మల్ల తేరుకునుడు మూడేండ్లు వట్టింది. ఆయన ఒక్కపారి వోసిండు. గా కార్ఖానల దినాం వోస్తరు. రంగు చెడ్డదంటె కడుపుల వోయే నీళ్లు చెడ్డట్టే గద బిడ్డా. నాకు రాయరాదు. నువ్వు రాయి."

లేబొరేటరీ చెప్పగలిగేది ఈ రోజు నీళ్ళు ఎలా ఉన్నాయనే. గుట్ట మీద పారబోసింది భూమిలోంచి ఎటు నడుస్తుందో, ఎన్నాళ్ళకు ఎవరి చేదలోకి వస్తుందో ఆ గోధుమరంగు చిలప చెప్తోంది. నేను వెతుక్కుంటున్న రిపోర్టంతా అందులో ఉంది. ఆరు చిలపలూ కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టుకున్నాను. ఆమె మాటలు వాంగ్మూలంగా రాసుకుని మా అధికారి ఎదుట వేలిముద్ర వేయిస్తే ఫైలుకు బలమొస్తుందని చెప్పాను. "నడువు, ఇప్పుడే పోదాం" అని చెంగు బిగించింది. పొద్దు పోయింది, రేపు పోదామని నేనే ఆపాను.

మర్నాడు ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్. మాకు తెలియదు. ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డెక్కేసరికి టైర్లు కాలుతున్నాయి. బస్సు ఒక్కటీ లేదు. పదిమంది కుర్రాళ్ళు మాకు అడ్డంగా వచ్చారు.

"అన్నా, ఆగు. యాడికి? ఏ ఊరు మనది?"

నోరు తెరిస్తే నా ఊరు బయటపడుతుంది. వాళ్ళ కోపం నాకు అర్థం కానిది కాదు. తమకు రావలసిన కుర్చీల్లో మాబోటివాళ్ళం వచ్చి కూర్చున్నామన్నది వాళ్ళ బాధ. కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అవ్వ నాకంటే ముందుకు వెళ్ళి, ఆ కుర్రాడి చొక్కా అంచు పట్టుకుని నలిపింది. అలవాటు కొద్దీ చేసిందో, కావాలని చేసిందో ఇప్పటికీ తెలియదు.

"మంచి బట్ట కట్టినవ్ బిడ్డా. మగ్గం మీదిదే. వీడు నా మనుమడు. మూగోడు, పాపం. నా దగ్గర రంగుల పని జేస్తడు. చేతులు జూడు."

నా చేతులు రెండూ పట్టుకుని వాళ్ళ ముందుకు చాపింది. వాళ్ళు నా చేతులూ చూశారు, ఆమె చేతులూ చూశారు. ఒకటే ఎరుపు. "ముందట లాఠీలు లేస్తున్నయ్ అవ్వా. ఇంటికి తోల్కపో" అన్నాడు ఆ కుర్రాడు, నా భుజం మీద మెల్లగా తట్టి.

వెనక్కి తిరిగాం. ఇల్లు చేరేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. రోజంతా నన్ను వాళ్ళింట్లోనే ఉంచింది. జొన్నరొట్టె పెట్టింది. నేను ఏదో చెప్పబోతే "మూగోనివి గద, తిను" అంది. ఆ తర్వాత నాకు వేరే పేరుతో పిలుపు లేదు. ఏ తల్లి కడుపున పుట్టినవాణ్ణో అని చూడకుండా ఆ ముసలమ్మ నన్ను ఆ రోజు దాచుకుంది. అది తలుచుకుంటేనే ఇప్పటికీ కళ్ళు తడి అవుతాయి.

తర్వాత జరిగినదంతా నా నిర్వాకం.

ఉద్యోగుల సమ్మెతో లేబొరేటరీ మూతపడింది. నా ఐదు సీసాలూ దాని వరండాలో ఎండలో కాగి, పాచి పట్టి, పనికిరాకుండా పోయాయి. ఇంటి నుంచి అమ్మ వరసగా ఉత్తరాలు రాస్తోంది, అక్కడ ఉండొద్దు వచ్చెయ్యమని. మా అధికారి మంచివాడే, ఈ ప్రాంతం వాడే. నన్ను పిలిపించుకున్నాడు. ఆయన గదిలోకి వెళ్ళే ముందు నిమ్మచెక్కతో, సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను. గోళ్ళ అంచుల్లో మాత్రం ఎరుపు పోలేదు.

"నీ పరేషాని నాకు తెల్సు. గీ ఫైలు అయిపోతె రేపే నిన్ను రిలీవ్ జేస్త. మల్ల పరిస్థితులు మంచిగైనంక రా" అన్నాడు. నా సంచి వైపు చూసి, "అవి ఏంది?" అని అడిగాడు. చిలపలు చూపించి చెప్పాను. ఆయన వెక్కిరించలేదు. "దారాలు ఫైల్ల వెడ్తే పైన నవ్వుతరయ్యా. అయినా నీ ఇష్టం. రాసేది నువ్వు" అన్నాడంతే.

నా ఇష్టమే. ఆయన మీదికి నెట్టడానికి కూడా నాకు వీల్లేదు. పెట్టాలనుకుంటే పెట్టేవాణ్ణి. కానీ చిలపలు పెడితే వాటికి వాంగ్మూలం కావాలి, వాంగ్మూలానికి అవ్వ రావాలి, దానికి రోడ్లు తెరుచుకోవాలి. నాకు రేపటి రైలు కావాలి. కుర్చీ లాక్కుని రాశాను. "ప్రస్తుత పరిస్థితులలో నీటి పరీక్ష సాధ్యపడలేదు. స్థానికుల నుండి రాతపూర్వకంగా అభ్యంతరములేవియు అందలేదు. మురుగు కాలువ నిర్మించవలెనను షరతుపై అనుమతి ఇచ్చుటకు అభ్యంతరము లేదు." కింద సంతకం చేశాను. చిలపలు నా ట్రంకుపెట్టెలో బట్టల అడుగున నాతోపాటే మా ఊరు వెళ్ళాయి.

ఏడాదిన్నర తర్వాత తిరిగి వచ్చాను. కార్ఖానా నడుస్తోంది. ఆ బాటలో అడుగు పెట్టేసరికే కంపు. మురుగు కాలువ కొంతదూరం కట్టి వదిలేశారు. మిగతాది వాలు చూసుకుని పోతోంది. అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. రాగి గిన్నె గోడ పక్కన బోర్లించి ఉంది. మగ్గాల వాళ్ళు ఎక్కడి నుంచో రంగు వేసిన నూలే తెప్పించుకుంటున్నారు. నన్ను చూసి లేచి వచ్చింది. నా చొక్కా అంచు పట్టుకుని నలిపింది. ఈసారి మూతి తిప్పలేదు. అప్పుడూ మిల్లుబట్టే.

"మంచిగున్నవా మూగోడా?"

"ఉన్నానవ్వా."

"నువ్వైతె రాసినవ్ గద బిడ్డా. పైనోళ్లు ఇనలే. గంతే. నువ్వేం పరేషాన్ గాకు."

నా రిపోర్టులో ఏముందో ఆమెకు ఎవరు చెప్తారు? నేనే చెప్పాలి. నేను రాయలేదవ్వా, నీ మాట ఒక్కటి కూడా కాగితం మీద పెట్టలేదు అని చెప్పడానికే నోరు తెరిచాను. పెగల్లేదు. ఆ రోజు రోడ్డు మీద నన్ను బతికించడానికి ఆమె ఆడిన అబద్ధాన్ని, ఆమె ఎదుటే నిలబడి నిజం చేశాను.

"మల్ల రాస్తవా?" అని అడిగింది.

"రాస్తాను" అన్నాను.

మళ్ళీ ఆ బాటకు పోలేదు. సిటీకి అటువైపు డ్యూటీ వేయించుకున్నాను. నాలుగేళ్ళు. కార్ఖానా గాలి తగలదు, అవ్వా కనపడదు.

ఇప్పుడు కోడలు తెచ్చిన మూట సంగతి. వరండా బెంచీ మీదే విప్పాను. లోపల నాలుగు కట్టలు, ఒక్కో కట్టలో ఐదు చిలపలు. ఏటా వానలు వెనకబట్టాక అవ్వ ఆ బోర్లించిన గిన్నె తీసి, ఐదు బావుల నీళ్ళూ తానే మోసుకొచ్చి, పాత పద్ధతిలోనే ఉడికించిందట. మొదటి కట్టలో ఒక మచ్చ చిలప, రెండు మచ్చల చిలప నల్లబడ్డాయి. మిగతావి ఇంకా ఎరుపే, కానీ ఐదు మచ్చలదానికి ఆ పెళ్ళిబట్టల కళ అప్పటికే పోయింది. రెండో కట్టలో చర్చి బావి కూడా పోయింది. మూడో కట్టలో ఐదు మచ్చల చిలప అటక మీది పాత చిలప రంగుకు వచ్చింది. నాలుగో కట్టలో నాలుగు చిలపలు నల్లగా ఉన్నాయి. ఐదోది తెల్లగా ఉంది. దానికి మచ్చలు లేవు, ముడులున్నాయి. ట్యూబు పేలికలు వేసినవి వేసినట్టే.

"పోయినేడు బాయి మూసిండ్రు సారూ" అంది కోడలు. "పిల్లలకు విరేచనాలు వట్టుకున్నయని బండలేసి కప్పిండ్రు. నల్లా వెట్టిండ్రు. నల్లా నీళ్లతోని ముంచరాదత్తా అంటె, అయిదు ముడులేసి వేరే నీళ్లల్ల ఎట్ల ముంచుత, అబద్ధమైతది గద అన్నది. అట్లనే వెట్టింది."

"నా గురించి ఏమైనా అందా?"

"మూగోడు ఒస్తడు, మల్ల రాస్తడు, గివి లేకుంటె వానికి కష్టమైతది అన్నది."

వరండాలో జనం అటూ ఇటూ తిరుగుతున్నారు. అవ్వకు చెప్పలేకపోయింది ఆమె కోడలికి చెప్పాను. "మొదటిసారే రాయలేదమ్మా. అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టింది నేనే."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మా అత్తకు తెల్వకపాయె. మంచిదే అయింది" అంది. ఎండలో వచ్చావు, నీళ్ళు తాగి వెళ్ళమ్మా అని గ్లాసు తెప్పించాను. గ్లాసు వైపు చూసి, "ఒద్దు సారూ" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మూట వచ్చి మూడేళ్ళయింది. ట్రంకుపెట్టెలోని ఎర్ర చిలపలు, మూటలోని నల్ల చిలపలు అన్నీ ఒకచోట పెట్టాను. వాటిని ఎవరు తీసి చూసినా మచ్చలు లెక్కపెట్టి ఏ బావిదో చెప్పగలరు. ఆ తెల్ల చిలపకు మాత్రం ముడులు తప్ప వేరే గుర్తు లేదు. విప్పితే వట్టి నూలు. అందుకని ముట్టుకోవడం లేదు. కానీ ట్యూబు పేలికలు ఎండి పగుళ్ళిస్తున్నాయి. ఒకటి ఇప్పటికే సగం తెగింది. అవి ఊడిపోయేలోగా ఇది రాసి పెడుతున్నాను. ఇది ఐదో బావి చిలప. ఆ నీళ్ళు తియ్యగా ఉండేవి. కార్ఖానాకు ఆ బావి తరఫున అభ్యంతరం ఉంది.